అరచేతి తోలు ఎందుకు జారదు?

చేతి వెనకవైపు చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకోండి, గుడ్డలా లేస్తుంది. అరచేతి నడుమ అలా పట్టుకోబోతే వేళ్లే జారిపోతాయి. రెండు చోట్లా కింద కుట్టు వేరు.

అరచేతిలో చర్మం కింద విసనకర్రలా పరుచుకున్న గట్టి నారపొర ఉంటుంది. దాన్నుంచి పోగులు కొవ్వును చీల్చుకుంటూ నిలువుగా పైకొచ్చి చర్మాన్ని పట్టేస్తాయి, బొంతకు వేసిన కుట్లలాగ. కొవ్వు ఆ కుట్ల మధ్య చిన్న చిన్న గదుల్లో ఇరుక్కుంటుంది. కొడవలి పిడి ఎంత బిగించినా తోలు పక్కకు పోనిది అందుకే. వెనకవైపు ఈ కుట్లు లేవు, వదులు పోగులే. అరచేతిలో ముల్లు దిగి చీము పట్టినా వాపు వెనకవైపే ఎక్కువ కనిపిస్తుంది. అక్కడే చీముందనుకుంటే పొరపాటు.

ఇది చర్మానికీ ఒంటికీ మధ్య కట్టు. చర్మంలోనే ఇంకో అతుకుంది. పైపొర చాలా చోట్ల మిల్లీమీటరులో పదోవంతే, అరచేతులు, అరికాళ్లలో మాత్రం మిల్లీమీటరు దాకా, ఒక్కోచోట అంతకు మించి కూడా ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. కింది పొర కొల్లాజెన్ అనే మాంసకృత్తు నారతో నేసింది. చెప్పులు కుట్టే తోలు పశువుల్లోని ఈ పొరే. కింది పొర మొటిమల్లా పైకి లేస్తే, పైపొర వాటి మధ్య గుంటల్లో అచ్చుగా కూర్చుంటుంది. నడుమ సన్నని పొర, దాన్ని కిందికి బిగించే ఏడో రకం కొల్లాజెన్ కొక్కేలు. పుట్టుకతోనే ఆ కొక్కేలు లోపిస్తే కాస్త రాపిడికే తోలు లేచి బొబ్బలెక్కుతుంది. ముసలితనంలో కింది పొర మొటిమలు చదునవుతాయి. పెద్దవాళ్ల చేతికి అంటించిన ప్లాస్టర్ లాగితే తోలూ వచ్చేది అందుకే. పక్క చర్మాన్ని వేలితో నొక్కిపట్టి, ప్లాస్టర్‌ను దాని మీదికే మడుస్తూ మెల్లగా తీయాలి.

పలుగు, పార రాపిడికి లేచే బొబ్బ ఈ అతుకు దగ్గర చీలదు. పైపొర లోపలే, అడుగు కణాలకు కాస్త పైన చీలుతుంది. ఆ అడుగు వరుస నుంచే కొత్త తోలు పుడుతుంది కాబట్టి మచ్చ పడదు. పైన ఉన్న తోలే మంచి కట్టు. చిదమకండి.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కోసే చేతుల సంగతి వేరు. పిక్క పెంకు రెండు పొరల మధ్య ఘాటైన నూనె ఉంటుంది. మామిడి సొన, నల్లజీడి రసం కూడా ఈ కుటుంబానివే. చర్మం పైన మృతకణాల మధ్య కొవ్వే సున్నంలా పూసి ఉంటుంది. అది నీటిని ఆపుతుంది, నూనెకు దారిస్తుంది. అందుకే వట్టి నీళ్లతో కడిగితే జీడి నూనె పోదు. పనికి ముందు చేతులకు ఆముదమో వంటనూనో పట్టించడంలో అర్థముంది: జీడి అందులో కలిసి పలచబడుతుంది, తర్వాత సబ్బు రెండింటినీ లాక్కుపోతుంది. ఒకసారి జీడి ఒంటికి పడకుండా పోతే మాత్రం, మళ్లీ తగిలిన ఒకటి రెండు రోజులకు దురద, పొక్కులు మొదలవుతాయి. దళసరి అరచేతిలో అవి సగ్గుబియ్యం గింజల్లా లోతున కనిపిస్తాయి. పలచని వేళ్ల సందులు ముందే మండుతాయి.

అరచేయి బాగానే ఉంది కదా అని అదే చేత్తో కళ్లు నులుముకునే వాళ్లున్నారు. ఒంట్లోకెల్లా పలచని తోలు కనురెప్పది, కింద కట్టు కూడా వదులే. మర్నాటికి రెప్పలు ఉబ్బి మూసుకుపోతాయి, అరచేతికి మాత్రం గీత కూడా పడదు.