కాళ్ళు ఒత్తే చేతికి తెలియవలసిన సంగతులు

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే నర్సంపేట, వర్ధన్నపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు పొద్దున్నే బురదలో దిగి, నడుము వంచి, ఒక్కొక్క అడుగు వెనక్కి జరుగుతూ సాయంత్రం దాకా పొలంలోనే ఉంటారు. అలా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాప మీద బోర్లా పడుకున్నాక మా నానమ్మ "జర కాళ్ళు తొక్కు బిడ్డా" అని నన్ను పిలిచేది. నేను గోడ పట్టుకుని ఆమె పిక్కల మీద, అరికాళ్ళ మీద మెల్లగా అడుగులు వేస్తుంటే కాసేపటికే ఆమెకు కునుకు పట్టేది. పసివాడి బరువు ఆ అలసిన కాళ్ళలో ఏ మార్పు తెచ్చేదో, శరీర నిర్మాణం గురించి చదవడం మొదలుపెట్టిన చాలా ఏళ్ళకు గాని నాకు అర్థం కాలేదు.

గుండె నుంచి పాదానికి రక్తం దిగడం తేలిక, తిరిగి ఎక్కడమే కష్టం. నిలబడిన మనిషిలో పాదాలు గుండెకు మీటరుకు పైగా కింద ఉంటాయి కాబట్టి, పైకి ఎక్కిన రక్తం మళ్ళీ జారిపోకుండా కాలి సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణను వివరించినప్పుడు ఆయనకు బలమైన సాక్ష్యంగా నిలిచినవాటిలో ఈ కవాటాలు ఒకటి. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగుసుకుని సిరలను నొక్కడం వల్ల రక్తం పైకి వెళుతుంది. బురదలో గంటల తరబడి వంగి ఉన్నా, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కాంటా దగ్గర నిలబడినా, బట్టల దుకాణంలో రోజంతా చీరలు చూపించినా ఆ నొక్కుడు తగ్గిపోతుంది. రక్తం కిందనే నిలిచి, అందులోని నీరు కణజాలంలోకి ఊరి, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపుగా కనిపిస్తుంది. మనవడి అడుగులు చేసింది పిక్క చేయవలసిన పనే. అందుకే కాళ్ళు ఒత్తేటప్పుడు చేయి ఎప్పుడూ వేళ్ళ నుంచి చీలమండకు, చీలమండ నుంచి మోకాలికి, అంటే గుండె వైపుకే సాగాలి.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. రెండు పాదాలూ కలిపితే ఒంట్లోని 206 ఎముకల్లో నాలుగో వంతు అక్కడే ఉన్నట్టు. మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి లోపల గట్టి పట్టీలాంటి పొర ఒకటి సాగి, పాదం వంపును నిలబెడుతుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టుండే నొప్పి చాలామందిలో ఈ పొర మడమ ఎముకకు అతుక్కున్న చోటి నుంచే వస్తుంది. బొటనవేలిని మెల్లగా పైకి వంచితే అరికాలి మధ్యలో ఇది తాడులా బిగుసుకోవడం వేలికి తెలుస్తుంది. ఒత్తేవారు ముందు ఈ పొరను ఒకసారి తాకి గుర్తుపట్టడం మంచిది.

ఇక పని మొదలుపెట్టేముందు పాదాలను గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచాలి. ఆ తరువాత నూనె. అరికాలి చర్మంలో చెమట గ్రంథులు దట్టంగా ఉన్నా, చర్మానికి జిడ్డునిచ్చే గ్రంథులు అసలే లేవు. మన దగ్గర మార్గశిర, పుష్య మాసాల్లో మడమలు పగలడానికి ఇదొక కారణం. తనంతట తాను నూనె ఊరించుకోలేని చోటికి మనం నూనె తెచ్చి పెడుతున్నాం. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ములుగు, ఆదిలాబాద్ అడవి వైపు ఇళ్ళలో దొరికే, చలికి గడ్డకట్టే ఇప్పనూనె, వీటిలో ఏది వాడినా చేయి జారడానికి, చర్మం మెత్తబడడానికి సరిపోతుంది. రోజువారీ అభ్యంగనంలో తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా నూనె పట్టించాలని ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు చెప్పిన మాట ఈ విషయంలో ఇప్పటికీ నిలుస్తుంది.

చేయి వేగం గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తొందరపడతారు. వెంట్రుకలున్న చర్మంలో, అంటే పాదం పైభాగంలోనూ పిక్కల మీదా, నెమ్మదైన నిమురుకే స్పందించే సన్నని నరాలు ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చేయి కదిలినప్పుడు అవి బాగా పలుకుతాయి, ఆ వేగమే మనిషికి హాయిగానూ అనిపిస్తుంది. దీన్ని లెక్క వేస్తే, వేళ్ళ నుంచి చీలమండ దాకా ఒక్క నిమురుకు ఐదారు సెకన్లు పట్టాలి. అరికాలి సంగతి వేరు. అక్కడ చర్మం మందం, ఒత్తిడిని, కదలికను పసిగట్టే గ్రాహకాలు ఎక్కువ. తేలికగా తాకితే చక్కిలిగింత పుట్టి కాలు వెనక్కి లాక్కుంటారు. అందుకని బొటనవేళ్ళు రెండూ ఆనించి, వేళ్ళ మొదళ్ళ నుంచి మడమ ముందు దాకా నిలకడగా, ఒక్కొక్క చోట నాలుగైదు సెకన్లు ఆగుతూ ఒత్తాలి. మడమను మాత్రం అరచేతితో గిన్నె పట్టినట్టు పట్టి పిసకాలి. వేళ్ళను ఒక్కొక్కటిగా మొదట్లో పట్టి కొనదాకా లాగితే చాలు, మెటికలు విరవనక్కర్లేదు.

నొప్పి ఉన్నచోట రుద్దితే ఎందుకు తగ్గినట్టుంటుందో 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. స్పర్శను మోసే లావు నరాల్లో సంకేతం సెకనుకు 35 మీటర్లకు మించి పరుగెత్తుతుంది, మొద్దు నొప్పిని మోసే సన్నని నరాల్లో సెకనుకు రెండు మీటర్లు కూడా దాటదు. ఈ రెండూ వెన్నుపాములో కలిసే చోట, స్పర్శ సంకేతాలు నొప్పికి దారి తెరిచే తలుపును కొంత మూస్తాయని వారి ప్రతిపాదన. వివరాల్లో తరువాత మార్పులు వచ్చినా, మూల భావన నిలిచింది.

నానమ్మకు నిద్ర పట్టడానికి మరో కారణమూ ఉంది. నిద్ర రావాలంటే ఒంటి లోపలి వేడి కొద్దిగా దిగాలి, ఆ వేడి బయటికి పోయే ముఖ్య మార్గాల్లో అరచేతులు, అరికాళ్ళు ఉన్నాయి. పాదాలు వెచ్చబడి అక్కడి రక్తనాళాలు విచ్చుకున్నప్పుడు నిద్ర త్వరగా వస్తుందని 1999లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో చూపించారు. కాబట్టి కాళ్ళు ఒత్తడానికి పడుకునే ముందు వేళే సరైనది.

అరికాలిలో కాలేయం ఇక్కడ, మూత్రపిండం అక్కడ అని పటాలు గీసి, ఆ చోట ఒత్తితే ఆ అవయవం బాగవుతుందని చెప్పేవారున్నారు. అమెరికాలో విలియం ఫిట్జెరాల్డ్ అనే వైద్యుడు 1917లో ప్రచారంలోకి తెచ్చిన భావనను 1930లలో యూనిస్ ఇంగం పాదాలకు అన్వయించారు. అరికాలి నుంచి కాలేయానికి అలాంటి దారి శరీర నిర్మాణంలో ఎక్కడా కనిపించదు. ఆ నమ్మకంతో కామెర్లకు మందు మానేసి కాళ్ళు ఒత్తించుకునే వారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

కొందరి కాళ్ళను మాత్రం ఒత్తకూడదు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఒత్తితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బోదకాలు ఉన్నవారికి గట్టి పిసుకుడు మేలు చేయదు. ఆ కాలిని రోజూ సబ్బుతో కడిగి, మడతల్లో తడి లేకుండా తుడవడం ముఖ్యం. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవారికి అరికాలి స్పర్శ తగ్గి, నీళ్ళు కాలుతున్నా తెలియదు, గాయమైనా తెలియదు. వారి కోసం పెట్టిన నీళ్ళ వేడిని ఒత్తేవారే మోచేయి ముంచి చూడాలి, వేళ్ళ సందుల్లో పుండు ఉందేమో దీపం దగ్గర పెట్టి చూడాలి.

ఒక్కో పాదానికి పది నిమిషాలు చాలు. చివర్లో రెండు అరచేతుల మధ్య పాదాన్ని కదపకుండా ఒక నిమిషం పట్టుకోవాలి. ఆ తరువాత పాత నూలు గుడ్డతో అరికాళ్ళను, ముఖ్యంగా వేళ్ళ సందులను జిడ్డు పోయేదాకా తుడవాలి. రాత్రి లేచిన పెద్దవారు నూనె కాళ్ళతో నున్నని బండల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకోవచ్చు.