టెస్టు గీత వెనుక తొంభై ఏళ్లు

ర్యాపిడ్ కిట్‌లో పిడుదుల ద్వారా కుక్కలకు సోకే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా గీత పడగానే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసేయడం మామూలైపోయింది. ఆ గీత చెప్పేది ఒక్కటే: కుక్క ఒంట్లో ఆ క్రిమి మీద యాంటీబాడీలు ఉన్నాయని. క్రిమి ఇంకా ఉందో, ఎప్పుడో వచ్చి పోయిందో దానికి తెలియదు.

మొదట్లో ఈ గొడవ లేదు. 1935లో అల్జీరియాలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డొనాషియన్, లెస్తోకార్ అనే పరిశోధకులు పిడుదులు పట్టిన కుక్కల మోనోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఈ బ్యాక్టీరియాను చూశారు. రికెట్సియా కేనిస్ అన్నారు. 1945లో అది ఎర్లీకియా కేనిస్ అయింది. అప్పట్లో నిర్ధారణంటే మైక్రోస్కోపే: జీమ్సా రంగు వేసిన స్మియర్‌లో (గాజు పలక మీద పల్చగా పరిచిన రక్తంలో), మోనోసైట్ లోపల మల్బరీ పండులా ఊదారంగు గింజల ముద్ద. దాని పేరు మోరులా. కనిపిస్తే సందేహమే లేదు, కానీ కనిపించడమే అరుదు. జబ్బు తీవ్రంగా ఉండే తొలి దశలోనూ నూటికి నాలుగు స్లైడ్లలో దొరికితే గొప్ప. చెవి అంచు నుంచి తీసిన రక్తపు చుక్కో, బఫీ కోట్ (రక్తాన్ని గిరగిరా తిప్పి వేరుచేసిన తెల్లకణాల పొర) స్మియరో అయితే అవకాశం కాస్త మెరుగు.

వియత్నాం యుద్ధంలో ఈ లోపం బయటపడింది. 1968 నుంచి అమెరికా సైన్యపు జర్మన్ షెపర్డ్‌లు ముక్కుల్లోంచి రక్తం కారి వందల్లో చనిపోయాయి. ఎముక మజ్జ దెబ్బతిన్న దశలో స్లైడ్ మీద వెతికినా దొరికేది తక్కువ. అందుకే 1972లో పరిశోధకుడు రిస్టిక్ బృందం కుక్క మోనోసైట్లలో పెంచిన క్రిమితో ఐఎఫ్ఏ పరీక్ష తయారుచేసింది, అది రక్తంలోని యాంటీబాడీలను మెరిసే రంగుతో పట్టిస్తుంది. ఇప్పటి కిట్లూ యాంటీబాడీలనే వెతుకుతాయి.

చిక్కూ అక్కడే. సోకిన తొలి ఒకటి రెండు వారాల్లో యాంటీబాడీలు ఉండకపోవచ్చు, కాబట్టి నెగెటివ్‌ని నమ్మలేం. నయమయ్యాక నెలలు, ఏళ్ల తరబడి మిగిలిపోవచ్చు, కాబట్టి పాజిటివ్‌నీ నమ్మలేం. రెండు మూడు వారాల తేడాతో తీసిన రెండు నమూనాల్లో టైటర్ (రక్తాన్ని ఎంత పల్చన చేసినా యాంటీబాడీలు ఇంకా కనిపిస్తాయో చెప్పే అంకె) నాలుగు రెట్లు పెరిగితే, అంటే 1:80 కాస్తా 1:320 అయితే, ఇప్పటి ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు.

1978లో ఫ్లోరిడాలో కుక్కల్లో మరో బ్యాక్టీరియా తేలింది. ఇప్పుడు దాన్ని అనాప్లాస్మా ప్లాటిస్ అంటున్నాం. అది రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్ల లోపలే ఉంటుంది. వారం, రెండు వారాలకోసారి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, వాటితోపాటే క్రిమీ కనుమరుగవుతుంది. కౌంట్ అట్టడుగున ఉన్న రోజు స్లైడ్ ఖాళీగా ఉండొచ్చన్నమాట.

1990లలో వచ్చిన పీసీఆర్ క్రిమి డీఎన్‌ఏనే వెతుకుతుంది. రక్తం ఈడీటీఏ ట్యూబులోకి (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందున్న ట్యూబు), మందు మొదలుపెట్టకముందే తీయాలి. రెండు డోసులు పడ్డాక పంపిన నమూనా నెగెటివ్ వస్తే అది దేనికీ సాక్ష్యం కాదు. లక్షణాలు లేని దశలో క్రిమి ప్లీహంలో దాక్కుంటుంది కనుక, రక్తంలో దొరకనంత మాత్రాన లేదనీ అనలేం.

ఈ జబ్బుల్లో పడిపోయేది ప్లేట్‌లెట్లే కాబట్టి వాటినీ లెక్కపెడతారు, కానీ మెషీన్ ఇచ్చిన కౌంటునూ గుడ్డిగా తీసుకోకూడదు. అవి గుత్తులు కడితే అంకె అబద్ధం చెబుతుంది, స్మియర్ చివరి అంచున గుత్తుల కోసం చూడాలి. ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సులో ఒకసారి కనిపించే మేరకు (ఫీల్డుకు) ఒక ప్లేట్‌లెట్ కనిపిస్తే మైక్రోలీటరుకు సుమారు 15,000.

డాక్సీసైక్లిన్ కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు పూర్తయ్యాక మళ్లీ కిట్ పెట్టి బెంబేలెత్తేవాళ్లున్నారు. గీత పడుతూనే ఉంటుంది. చూడాల్సింది ప్లేట్‌లెట్ కౌంటు, మందు ఆపిన రెండు వారాలకు పీసీఆర్.