ఇంగ్లండ్ డిఫెండర్ కెరీర్: మనవాళ్లు అనుకునేది ఒకటి, జరిగేది ఒకటి

ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చిన్న క్లబ్బులో పదకొండేళ్లుగా పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను. ఎక్కువగా వెనక ఆడేవాళ్లకే. హైదరాబాద్‌లో కాలేజీకి ఆడిన రోజుల్లో నేనూ లెఫ్ట్ బ్యాకే. ఈ మధ్య మా క్లబ్బుకి మన తెలుగువాళ్ల పిల్లలు కూడా బాగానే వస్తున్నారు. ఆదివారం పొద్దున వానలో గొడుగు పట్టుకుని నిలబడే నాన్నల దగ్గర నేను వినే మొదటి మాట దాదాపు ప్రతిసారీ ఒకటే: "అన్నా, మావాణ్ని వెనకెందుకు పెట్టారు? ముందు ఆడించొచ్చుగా!"

గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ రానివాణ్ని బౌండరీ దగ్గర నిలబెడతాం కదా, డిఫెన్స్ కూడా అలాంటిదేనని వాళ్ల లెక్క. అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే మా కజిన్స్‌దీ అదే లెక్క. వాళ్లందరికీ విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నా.

అపోహ: గోల్ కొట్టడం రానివాడే డిఫెండర్ అవుతాడు

ఇంగ్లండ్‌కి ఆడిన పేరుమోసిన డిఫెండర్లు జాన్ టెర్రీ, రియో ఫెర్డినాండ్ ఇద్దరూ చిన్నప్పుడు మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్యలో ఆడినవాళ్లే. తర్వాతే వెనక్కి వచ్చారు. ఆట రాకపోతే మిడ్‌ఫీల్డ్‌లో పెట్టరు కదా.

కొత్త పిల్లాడు వస్తే నేను చూసేది ఒక్కటే. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు వీడు ఏం చేస్తున్నాడు? చాలామంది బంతినే చూస్తూ ఉంటారు, లేదా గడ్డి పీకుతూ ఉంటారు. ఏ ఇరవై మందిలోనో ఒకడు మాత్రం మెడ తిప్పి తన వెనక ఎవరున్నారో చూసుకుంటాడు, రెండడుగులు పక్కకి జరుగుతాడు. ఎవరూ చెప్పకుండానే. వాణ్ని నేను వదలను. ఆ నాన్న అడిగిన ప్రశ్నకి నా జవాబు కూడా అదే.

ఇంగ్లండ్‌లో తోటి ఆటగాళ్లు ఓటేసి ఇచ్చే పీఎఫ్ఏ (ఆటగాళ్ల సంఘం) అవార్డు 1974లో మొదలైంది. మొట్టమొదటిది లీడ్స్ డిఫెండర్ నార్మన్ హంటర్‌కి, మరుసటి ఏడాదిది డెర్బీ డిఫెండర్ కోలిన్ టాడ్‌కి ఇచ్చారు. అయితే అక్కణ్నుంచి ఇప్పటిదాకా ఆ అవార్డు దక్కిన ఇంగ్లిష్ డిఫెండర్లు ఇద్దరే, 1992లో గ్యారీ పాలిస్టర్, 2005లో టెర్రీ. తోటివాళ్లు కూడా మర్చిపోతారన్నమాట.

అపోహ: మంచి డిఫెండర్ అంటే మంచి ట్యాకిల్ కొట్టేవాడు

కబడ్డీ ఆడినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. రెయిడర్ లోపలికి వచ్చాక కార్నర్‌లో ఉన్నవాడు తొందరపడి కాలి మీదకి దూకితే పాయింట్ పోతుంది. రెయిడర్‌కి కావాల్సింది కూడా అదే, ఎవడో ఒకడు ముందుగా దూకాలి. ఫుట్‌బాల్‌లోనూ అంతే. వింగర్ (మైదానం అంచు వెంట బంతి తీసుకొచ్చేవాడు) ఊరించేది నువ్వు దూకాలనే.

మొన్నామధ్య ఒక సాయంత్రం పదమూడేళ్ల కుర్రాడితో ఒకరి మీద ఒకరు డ్రిల్ చేయిస్తున్నా. మొదటి మూడుసార్లూ వాడు పరిగెత్తుకుంటూ వెళ్లి కాలు చాపాడు. మూడుసార్లూ అవతలివాడు బంతిని పక్కకి తోసుకుని వెళ్లిపోయాడు. నాలుగోసారి వేగంగానే వెళ్లాడు కానీ రెండు మూడు గజాల దూరంలో అడుగులు చిన్నవి చేశాడు. ఒంటిని ఒక పక్కకి తిప్పి, మోకాళ్లు వంచి, చూపు బంతి మీదే పెట్టి వెనక్కి వెనక్కి జరిగాడు. లోపలి వైపు దారి మూసేసి మైదానం అంచు గీత వైపు తెరిచి ఉంచాడు. అవతలివాడు ఇటు ఊగాడు, అటు ఊగాడు. ఇక చోటు లేక బంతిని గీత బయటికి పోగొట్టుకున్నాడు. మావాడి కాలు బంతికి తగలనే లేదు. గట్టు మీద కూర్చున్న పెద్దవాళ్లలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నేను మాత్రం కేక పెట్టాను.

బాబీ మూర్ గురించి చదివితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంగ్లండ్‌కి 108 మ్యాచులు ఆడాడు, 1966లో ప్రపంచ కప్ ఎత్తిన కెప్టెన్. పరుగులో వేగం లేదు, గాల్లో బంతికి గొప్పవాడూ కాదు. కానీ బంతి ఎక్కడికి రాబోతుందో అక్కడ ముందే ఉండేవాడు. 1970లో గ్వాడలహారాలో బ్రెజిల్ ఆటగాడు జైర్జిన్హో దగ్గర బంతి లాక్కున్న ట్యాకిల్‌ని ఇప్పటికీ వీడియోల్లో చూపిస్తారు. కాలు ఎంత శుభ్రంగా పెట్టాడో అందరూ చూస్తారు. పిల్లలకి నేను చూపించేది అంతకు ముందు క్షణాలు. అతను వెనక్కి జరుగుతూ, జరుగుతూ, ఆగి ఉన్న తీరు.

అపోహ: పద్దెనిమిదేళ్లకి పెద్ద అకాడమీలో లేకపోతే కథ ముగిసినట్టే

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇళ్లల్లో టెన్షన్ పుట్టేది ఇక్కడే.

ఇంగ్లండ్‌లో అకాడమీలు అండర్-9 జట్టు నుంచే పిల్లల్ని రిజిస్టర్ చేసుకుంటాయి. పదహారేళ్లకి రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తారు, లేదా పంపేస్తారు. పద్దెనిమిదికి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇస్తారు, లేదా పంపేస్తారు. పంపేయడాన్ని ఇక్కడ 'రిలీజ్' అంటారు. జైలు నుంచి వదిలినట్టు వినిపిస్తుంది కానీ ఆ పూట కారులో వెనక సీట్లో కూర్చుని ఇంటికి వెళ్లే పిల్లాడి మొహం చూస్తే అలా అనిపించదు.

డాన్ బర్న్‌ని చూడండి. న్యూకాజిల్‌కి దగ్గర్లోని బ్లైత్ కుర్రాడు. న్యూకాజిల్ క్లబ్బు అతన్ని పదకొండేళ్లప్పుడే రిలీజ్ చేసింది. చిన్నప్పుడు ఫెన్స్ దగ్గర ప్రమాదంలో ఒక వేలు పోయింది. ఆస్డా సూపర్‌మార్కెట్లో ట్రాలీలు తోశాడు. డార్లింగ్టన్‌లో మొదలుపెట్టి 2011లో ఫుల్హామ్ చేరాడు, లోన్ మీద (అంటే కొంతకాలం వేరే క్లబ్బుకి అరువుగా) యోవిల్, బర్మింగ్‌హామ్ తిరిగాడు, తర్వాత విగన్, బ్రైటన్. 2022 జనవరిలో, ముప్ఫైకి దగ్గర పడ్డాక, అదే న్యూకాజిల్ అతన్ని డబ్బిచ్చి కొనుక్కుంది. 2025 మార్చి 16న వెంబ్లీలో లివర్‌పూల్ మీద లీగ్ కప్ ఫైనల్లో కార్నర్ నుంచి తలతో గోల్ కొట్టాడు. మ్యాచ్ గెలిచారు, 1955 తర్వాత న్యూకాజిల్‌కి అదే మొదటి పెద్ద దేశవాళీ కప్పు. అయిదు రోజుల తర్వాత అదే మైదానంలో అల్బేనియా మీద ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. వయసు 32.

మరీ అరుదైన కథ అనుకోకండి. జాక్ చార్ల్టన్ ఇంగ్లండ్‌కి మొదటిసారి ఆడేసరికి ముప్ఫై నిండటానికి నెల కూడా లేదు. మరుసటి ఏడాదే ప్రపంచ కప్ గెలిచాడు. స్టువర్ట్ పియర్స్ వీల్డ్‌స్టోన్ అనే నాన్‌లీగ్ (పై నాలుగు డివిజన్లకీ కింద ఉండే) క్లబ్బుకి ఆడుతూ ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. 1983లో కోవెంట్రీ తీసుకుంది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి మారాక కూడా మ్యాచ్ రోజు అమ్మే పుస్తకంలో తన ఎలక్ట్రికల్ పనుల ప్రకటన వేయించుకున్నాడు. ఇంగ్లండ్‌కి 78 మ్యాచులు ఆడాడు. టైరోన్ మింగ్స్‌ని సౌతాంప్టన్ అకాడమీ వదిలేసింది. ఇంటి లోన్ల సలహాదారుగా పనిచేస్తూ చిప్పెన్‌హామ్‌కి ఆడాడు. 2012 చివర్లో ఇప్స్‌విచ్ అతనికి ఇచ్చిన ధర పదివేల పౌండ్లు. రెండున్నరేళ్లకి బోర్న్‌మత్ ఇచ్చింది 80 లక్షల పౌండ్లు.

డిఫెండర్లకే ఎందుకిలా ఆలస్యమవుతుందంటే, నాకు తెలిసినంతలో పెద్ద కారణం మేనేజర్ల భయం. పంతొమ్మిదేళ్ల ఫార్వర్డ్‌ని చివరి పది నిమిషాలు దింపితే పోయేదేం లేదు, కొడితే గోల్. అదే వయసు సెంటర్ బ్యాక్‌ని (గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్‌ని) దింపితే ఒక్క తప్పుకి మ్యాచే పోతుంది. అందుకే వెనక నలుగుర్ని కదపరు. కుర్రాడు కింది డివిజన్లకి లోన్ మీద వెళ్లి, అక్కడ ముప్ఫై దాటిన మోటు ఫార్వర్డ్‌ల మోచేతుల మధ్య నేర్చుకోవాలి. దానికి ఏళ్లు పడుతుంది. ఇంకోటి, పన్నెండేళ్లకి ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లాడు ఒంటి బలంతో నెట్టుకొచ్చేస్తాడు. అందరూ ఎదిగాక వాడి దగ్గర ఇంకేముందో అప్పుడు తెలుస్తుంది.

ఇంత చెప్పినా, రిలీజైన పిల్లల్లో ఎక్కువమంది డాన్ బర్న్ కాలేరు. చదువు ఆపొద్దని ప్రతి తల్లికీ తండ్రికీ చెప్తాను. మనవాళ్లకి ఆ మాట చెప్పక్కర్లేదనుకోండి.

అపోహ: సెంటర్ బ్యాక్ పని బంతిని దూరంగా తన్నేయడం

ఇక్కడి పాతతరం వాళ్లు సెంటర్ బ్యాక్‌ని ఇప్పటికీ సెంటర్ హాఫ్ అంటారు. వెనక ఆడేవాడికి ఆ పేరేమిటని నాకూ మొదట్లో అర్థం కాలేదు. నిజానికి 1925కి ముందు అతను మధ్యలోనే ఆడేవాడు. ఆ ఏడాది ఆఫ్‌సైడ్ రూల్ మార్చారు. పాస్ ఇచ్చే క్షణంలో ఫార్వర్డ్‌కీ అవతలి గోల్ గీతకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్నది ఇద్దరు చాలన్నారు. ఒక్క సీజన్‌లో ఫుట్‌బాల్ లీగ్‌లో గోల్స్ 4,700 నుంచి 6,373కి ఎగబాకాయి. 1925 అక్టోబర్‌లో ఆర్సెనల్ న్యూకాజిల్ చేతిలో 7-0తో చిత్తయ్యాక, మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ తన ఆటగాడు చార్లీ బుకన్ పట్టుబట్టిన ఆలోచన ప్రకారం మధ్యలోవాణ్ని వెనక్కి లాగాడు. మనిషి వెనక్కి వచ్చాడు, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

తర్వాత కూడా రూల్ మారిన ప్రతిసారీ ఈ ఉద్యోగం మారింది. 1992లో, సొంత ఆటగాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదన్నారు. అప్పటిదాకా కాస్త ఇబ్బందైతే కీపర్‌కి ఇచ్చి ఊపిరి పీల్చుకునే డిఫెండర్‌కి పాస్ ఇవ్వడం రావాల్సి వచ్చింది. 2019 నుంచి గోల్ కిక్‌ని (గోల్ ముందు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే తన్నుని) పెనాల్టీ బాక్స్, అంటే గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె లోపలే సొంత ఆటగాడు అందుకోవచ్చు. ఇప్పుడు దాడి అక్కణ్నుంచే మొదలవుతుంది. బార్న్‌స్లీలో మొదలైన జాన్ స్టోన్స్ 2023 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీకి సగం మిడ్‌ఫీల్డర్‌గానే ఆడాడు. ఒకరకంగా, 1925కి ముందున్న చోటికే వెళ్లాడు.

1966 ఫైనల్ ఆఖరి నిమిషంలో మూర్ సొంత బాక్సులో బంతిని ఛాతీ మీద దించుకుంటే, తన్నెయ్యమని జాక్ చార్ల్టన్ అరిచాడట. మూర్ తలెత్తి చూసి ముందున్న ఫార్వర్డ్ హర్స్ట్‌కి పొడుగు పాస్ ఇచ్చాడు. నాలుగో గోల్ అది.

అపోహ: 8 కోట్ల పౌండ్ల ఆటగాడంటే అంత డబ్బూ అతనిదే

2019లో హ్యారీ మగ్వైర్‌కి మాంచెస్టర్ యునైటెడ్ కట్టిన 8 కోట్ల పౌండ్లు వెళ్లింది లెస్టర్ క్లబ్బుకి. ఆటగాడికి వచ్చేది జీతం. అది పైన ఎక్కువే, కింద అంత లేదు. కింది డివిజన్లలో ఒకటి రెండేళ్ల కాంట్రాక్టులే ఎక్కువ. జూన్ 30కి గడువు అయిపోతుంటే ఏప్రిల్ నుంచి నిద్ర ఉండదు. 1961 దాకా అయితే వారానికి 20 పౌండ్లకి మించి ఎవరికీ ఇవ్వకూడదని రూలే ఉండేది.

అపోహ: తలతో ఎంత గట్టిగా కొడితే అంత గొప్ప

1989లో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ మీద ఇంగ్లండ్ డిఫెండర్ టెర్రీ బుచర్ తలకి గాయమై, కట్టు కట్టుకుని, తెల్ల చొక్కా అంతా నెత్తురుతో తడిసిపోయినా చివరిదాకా హెడర్లు కొట్టాడు. ఆ ఫోటో ఇక్కడ చాలా పబ్బుల గోడల మీద ఉంటుంది. ధైర్యాన్ని కాదనను. మా క్లబ్బు గోడ మీద మాత్రం పెట్టనివ్వను.

గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు తీసి చూశారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం వాళ్లలో మామూలు జనం కంటే మూడున్నర రెట్లు. 2021లో ఆడే చోటుని బట్టి విడదీసి చూస్తే, డిఫెండర్లకి ఆ ముప్పు దాదాపు అయిదు రెట్లు. గోల్‌కీపర్లకీ మామూలు జనానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 1966 ఫైనల్లో వెనక ఆడిన నలుగురిలో ఇద్దరు, రే విల్సన్, జాక్ చార్ల్టన్, చివరి రోజుల్లో మతిమరుపు జబ్బుతో బాధపడ్డారు. ఒక్కొక్కరి విషయంలో కారణం ఇదేనని ఎవరూ చెప్పలేరు. ఆ అంకెలు చదివాక నేను మాత్రం పాత పద్ధతిలో కోచింగ్ ఇవ్వలేకపోయాను.

ఎందుకంటే మొదటి రెండు మూడేళ్లు నేనూ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కడి చేత ముప్ఫై, నలభై హెడర్లు కొట్టించాను. తడిసిన బంతితో. ఒకడు తలనొప్పి అంటే, "అలవాటవుతుందిలే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

2020లో ఇంగ్లండ్ ఎఫ్ఏ (ఫుట్‌బాల్ సంఘం) పదకొండేళ్లలోపు పిల్లలకి ప్రాక్టీసులో హెడింగ్ వద్దంది. 2021లో ప్రొఫెషనల్ ఆటగాళ్లకి కూడా ప్రాక్టీసులో గట్టి హెడర్లు వారానికి పదికి మించొద్దని సూచించింది. 2024-25 సీజన్ నుంచి చిన్నపిల్లల మ్యాచుల్లోనూ కావాలని తలతో కొట్టడాన్ని దశలవారీగా తీసేస్తున్నారు.

ఇప్పుడు మా దగ్గర కార్నర్ ప్రాక్టీసులో చిన్నపిల్లలు బంతిని చేతులతో పట్టుకుంటారు. బంతి కింద ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఎగరాలి, ఎవడికి అడ్డం రావాలి, అన్నీ అలాగే నేర్చుకుంటారు. పట్టుకున్నవాడు "నాదీ!" అని అరవాలి. కొత్తగా వచ్చిన నాన్నలు ఇదేం ఫుట్‌బాల్ అన్నట్టు నా వైపు చూస్తారు.