విక్టోరియా కాలపు కంట్రీ హౌస్‌లు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత ఇళ్ల మరమ్మతులు చూసే ఆర్కిటెక్ట్‌ని నేను. మనవైపు నుంచి చుట్టాలు వస్తే వాళ్లని ఏదో ఒక కంట్రీ హౌస్‌కి తీసుకెళ్తుంటాను. ఊళ్లకు దూరంగా, తోటలు, పొలాల మధ్య డబ్బున్నవాళ్లు కట్టుకున్న పెద్ద బంగళాలివి. గేటు దాటగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువసార్లు విన్నవి రాస్తున్నాను.

అపోహ: ఇవి మధ్యయుగాల నాటి కోటలు.

వాస్తవం: పాతగా కనిపించాలని కోరి కట్టించుకున్న కొత్త ఇళ్లు. విక్టోరియా రాణి పాలన 1837 నుంచి 1901 వరకు. వుల్వర్‌హాంప్టన్ దగ్గర విటిక్ మేనర్ ఉంది. నల్లటి దూలాలు, మధ్యలో తెల్లటి గోడలు చూసి అందరూ నాలుగైదు వందల ఏళ్ల ఇల్లనుకుంటారు. కట్టడం మొదలైంది 1887లో. కట్టించింది పెయింట్లు, వార్నిష్‌లు తయారుచేసే మాండర్ కుటుంబం. హైక్లియర్ కాజిల్‌దీ ఇలాంటి కథే. అక్కడ ముందే ఉన్న మామూలు ఇంటికి 1840లలో ఆర్కిటెక్ట్ చార్ల్స్ బ్యారీ బాత్ ఊరి రాయి తొడిగి, శిఖరాలు నిలబెట్టి, కోట రూపం తెచ్చాడు.

పెద్ద పెద్ద గాజు పలకల కిటికీలు పెరిగింది కూడా ఆ కాలంలోనే. గాజు మీద సుంకం 1845లో, ఇటుక మీద పన్ను 1850లో, కిటికీల మీద పన్ను 1851లో పోయాయి. ఇంటి కప్పులకు వాడే వేల్స్ పలకరాయి రైలెక్కి దేశమంతా వెళ్లింది. బయటి రూపం ఏ కాలానిదైనా, సామాను మాత్రం ఫ్యాక్టరీల యుగానిది.

అపోహ: విక్టోరియన్ అనేది ఒక శైలి.

వాస్తవం: అది ఒక కాలం పేరు, అంతే. బ్రిస్టల్ దగ్గర టింట్స్‌ఫీల్డ్ కోసు తోరణాల గోథిక్, విక్టోరియా రాణి సొంత ఇల్లు ఆస్బోర్న్ హౌస్ ఇటాలియన్, వాడెస్డన్ మేనర్ ఫ్రెంచ్. ఆస్బోర్న్‌కి వెళితే దర్బార్ రూమ్ తప్పకుండా చూడండి. 1890-91లో దాన్ని తీర్చిదిద్దినవాడు లాహోర్ నుంచి వచ్చిన భాయ్ రామ్ సింగ్. ఆ గోడల గచ్చుపని ముందు నేను ఎంతసేపైనా నిలబడగలను.

అపోహ: వీటి వెనకున్నదంతా వంశపారంపర్యపు జమీందారీ డబ్బే.

వాస్తవం: చాలా ఇళ్లు వ్యాపారంలో కొత్తగా సంపాదించినవాళ్లవి. టింట్స్‌ఫీల్డ్ యజమాని విలియం గిబ్స్ సంపద పెరూ నుంచి తెచ్చిన గ్వానోతో, అంటే పక్షుల రెట్ట ఎరువుతో వచ్చింది. చించా దీవుల్లో ఆ ఎరువు తవ్వినవాళ్లలో చైనా నుంచి తీసుకెళ్లిన ఒప్పంద కూలీలు ఎంతోమంది. ఆ ఇంటి చెక్కపనిని చూస్తున్నప్పుడు నాకు కోరంగి రేవు నుంచి మారిషస్ ఓడలెక్కిన మన కూలీలు గుర్తొస్తారు. ఇంటి అందాన్ని, దాని వెనకున్న కష్టాన్ని కలిపే చెప్పాలని నా పట్టుదల.

అపోహ: కొవ్వొత్తులు తప్ప వేరే సౌకర్యం లేని చల్లటి, చీకటి ఇళ్లు.

వాస్తవం: చలి సంగతి కొంత నిజమే. కానీ నార్తంబర్లాండ్‌లోని క్రాగ్‌సైడ్‌కి రండి. యజమాని విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు, నీటి పీడనంతో నడిచే క్రేన్లు తయారుచేసిన ఇంజినీరు. 1878లో చెరువు నీటితో డైనమో తిప్పి చిత్రాల గదిలో కరెంటుతో వెలిగే ఆర్క్ దీపం పెట్టాడు. 1880లో జోసెఫ్ స్వాన్ కనిపెట్టిన బల్బులు వచ్చాయి. లిఫ్ట్ నడిచింది నీటితోనే, వంటింట్లో మాంసం కాల్చే చువ్వ తిరిగింది కూడా నీటితోనే. బయట మాత్రం ఆర్కిటెక్ట్ నార్మన్ షా గీసిన పాతకాలపు పొగగొట్టాలు, వాలు కప్పులు!

అపోహ: అన్ని గదులూ కుటుంబం విలాసం కోసమే.

వాస్తవం: ప్లాన్ చేతిలోకి తీసుకుంటే అసలు విషయం తెలుస్తుంది. ఇంటిలో పెద్ద భాగం పనివాళ్లది. వంటగది, అంట్ల గది, మాంసం దాచే గది, దీపాలు తుడిచే గది, బట్టలు బ్రష్ చేసే గది... ఇలా ఒక్కో పనికి ఒక్కో గది. వాసనలు రాకూడదని వంటగదిని భోజనాల గదికి దూరంగా పెట్టేవారు. దాంతో వడ్డించేసరికి వంటకాలు చల్లారిపోయేవి. పనివాళ్లకు వేరే మెట్లు, వేరే నడవాలు. ఆడవాళ్లు, మగవాళ్లు పడుకునే చోట్లు ఇంటికి చెరో వైపు. రెండు లోకాల మధ్య ఆకుపచ్చ ఉన్నిగుడ్డ బిగించిన తలుపు. అది శబ్దాన్ని ఆపేది. కుటుంబం ఒక సమాజం, పనివాళ్లు మరో సమాజం, ఒకరి కంట ఒకరు పడకూడదని 1864లో రాబర్ట్ కెర్ అనే ఆర్కిటెక్ట్ స్పష్టంగానే రాశాడు. పనివాళ్ల నడవాలో వరసగా వేలాడే గంటలకు స్ప్రింగులుంటాయి. మోత ఆగాక కూడా గంట కాసేపు ఊగుతూనే ఉంటుంది కాబట్టి, పరుగెత్తుకొచ్చిన మనిషికి పిలుపు ఏ గదిదో తెలిసేది. హాలులోని పాలరాయి కన్నా నన్ను ఎక్కువ కదిలించేది ఆ స్ప్రింగే. నన్నడిగితే ఈ ఇళ్లను వెనక తలుపు నుంచి చూడటం మొదలుపెట్టాలి.

అపోహ: సిమెంటు గట్టిది, పాత గోడకు అదే మంచి మందు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. ఆనాటి ఇటుక గోడలు చాలావరకు సున్నంతో కట్టినవి. వానకి తడుస్తాయి, ఇటుకల మధ్య సందుల్లోని సున్నం గుండా ఆరతాయి. ఆ సందుల్ని సిమెంటుతో పూడిస్తే చెమ్మకి దారి మూసుకుపోయి ఇటుకలోనే ఉండిపోతుంది. చలికాలంలో అది గడ్డకట్టి ఉబ్బితే ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. నేను చూసిన ఒక ఇంట్లో సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా నిలిచాయి, వాటి మధ్య ఇటుకలు గుంతలు పడ్డాయి. సందు ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. పాడైతే సందు పాడవ్వాలి, దాన్ని మళ్లీ నింపుకోవచ్చు.

గానుగ సున్నంతో కట్టిన మిద్దెలో పెరిగినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. సున్నం నిదానంగా గాలి పీల్చుకుంటూ గట్టిపడుతుంది, తొందరగా ఎండితే పొడి అయిపోతుంది. అందుకే ఇక్కడి మేస్త్రీలు కూడా పని అయిన గోడ మీద గోనెపట్టాలు కప్పి, నీళ్లు చిలకరిస్తూ కొన్ని రోజులు తడిగా ఉంచుతారు.