జీతం లేని ఆట నుంచి పుట్టిన ఓనర్లు

ఐస్ హాకీ ఆడిన అమ్మాయి రిటైరయ్యాక కోచ్ అయింది, ఆ తర్వాత సొంతంగా కంపెనీ పెట్టింది అని ఏదైనా కథ వస్తే చాలు మనోళ్ళు మోటివేషన్ కింద షేర్ చేసేస్తారు. తిరుపతిలో మా వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వెంకన్న ఫొటో, దాని కిందే ఇది. తప్పేం లేదు గానీ, ఆడింది, నేర్పింది, బిజినెస్ పెట్టింది అనే ఈ వరస ఇంతమంది ఆడోళ్ళ లైఫుల్లో ఒకేలాగ ఎందుకొచ్చింది అని కాస్త వెనక్కి పోయి చూస్తే కథ ఇంకోలా కనపడుతుంది. మగ ప్లేయర్‌కి ఆటే ఉద్యోగం అయిపోయింది ఎప్పుడో. ఆడ ప్లేయర్‌కి వందేళ్ళు దాటినా కాలేదు, అందుకే పొట్టకూటికి ఆట చుట్టూ ఏదో ఒకటి తనే కట్టుకోవాల్సొచ్చింది.

మొదలు కెనడాలో. 1888లో అక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ స్టాన్లీకి ఇసోబెల్ అని కూతురు, ఒటావాలో వాళ్ళ బంగళా దగ్గర రింకులో పొడుగాటి తెల్ల గౌను వేసుకోని హాకీ ఆడేది, 1890 ప్రాంతంలో తీసిన ఫొటో ఇప్పటికీ ఉంది. వాళ్ళ నాయన 1892లో వెండి కప్పు ఒకటి ఇస్తానన్నాడు, అదే స్టాన్లీ కప్, మగోళ్ళ పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో టీములు ఇవాల్టికీ కొట్టుకునేది దానికోసమే. కూతురి పేరు మీద కప్పు ఇవ్వడానికి మాత్రం 2016 దాకా ఆగాల్సొచ్చింది, ఆ కప్పు సంగతి మళ్ళీ వస్తుంది.

మధ్యలో ఆడోళ్ళు ఆడలేదా అంటే ఆడారు. 1930ల్లో ఒంటారియోలో ప్రెస్టన్ రివ్యులెట్స్ అనే టీం ఇంచుమించు ఓటమే తెలీకుండా ఆడింది, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి విడిపోయింది. 1955లో టొరంటోలో ఆబీ హాఫ్‌మన్ అనే చిన్న పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకోని, పేరు ఆబ్ అని రాయించుకోని అబ్బాయిల లీగ్‌లో చేరిపోయింది. ఎవరికీ డౌటే రాలేదు, ఆల్‌స్టార్ టీంకి సెలెక్ట్ అయ్యేంత బాగా ఆడింది, అదే కొంప ముంచింది, ఎందుకంటే ఆ టోర్నమెంటుకి బర్త్ సర్టిఫికెట్ చూశారు. ఆమె తర్వాత పరుగులోకి పోయి నాలుగు ఒలింపిక్స్‌కి వెళ్ళింది, హాకీ వాళ్ళు పోగొట్టుకున్నారంతే.

అఫీషియల్‌గా ఆడోళ్ళ వరల్డ్ ఛాంపియన్‌షిప్ పెట్టింది 1990లో, ఒటావాలోనే. కెనడా టీంకి వాళ్ళ ఎరుపు జెర్సీలు మాన్పించి పింక్ జెర్సీలు తొడిగారు. పింక్ వేస్తేనే జనం వస్తారనుకున్నారేమో ఖర్మ! ఫైనల్లో అమెరికాని 5-2తో కొట్టారు, చూడ్డానికి దగ్గర దగ్గర 9 వేల మంది వచ్చారు. ఆ టోర్నీలో 5 మ్యాచుల్లో 11 గోల్స్ కొట్టిన ఆమె పేరు ఏంజెలా జేమ్స్, ఈ కథంతా ఆమె ఒక్కదాని లైఫ్‌లోనే చూడొచ్చు.

టొరంటోలో ఫ్లెమింగ్‌డన్ పార్క్ అనే పేదల కాలనీలో పెరిగింది, నాన్న నల్లజాతి ఆయన, అమ్మ తెల్లావిడ, పెంచింది అమ్మే. సెనెకా కాలేజీకి ఆడింది, చదువైపోయాక ఆ కాలేజీ స్పోర్ట్స్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉద్యోగం చేసుకుంది, అంటే ప్రపంచంలో టాప్ ప్లేయర్ అయ్యుండి కూడా తిండి పెట్టింది ఆ ఉద్యోగమే. నాలుగు వరల్డ్ గోల్డ్‌లు గెలిచింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడోళ్ళ ఐస్ హాకీ పెడితే ఆ టీంలోంచి ఈమెని తీసేశారు, దాని మీద పెద్ద గొడవే అయింది, కెనడా ఫైనల్లో అమెరికా చేతిలో 3-1తో ఓడింది. 2010లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్న మొదటి ఇద్దరు ఆడోళ్ళలో ఈమె ఒకరు, రెండో ఆమె అమెరికా కెప్టెన్ క్యామీ గ్రనాటో.

డబ్బుల సంగతికొస్తే, 2007లో కెనడాలో సీడబ్ల్యూహెచ్‌ఎల్ అని లీగ్ పెట్టారు, పదేళ్ళపాటు జీతాల్లేవు, 2019లో అది మూతపడింది. 2015లో అమెరికాలో కాలేజీ హాకీ ఆడిన డానీ రైలన్ అనే అమ్మాయి ఎన్‌డబ్ల్యూహెచ్‌ఎల్ పెట్టి మొదటిసారి జీతాలిచ్చింది, సీజన్‌కి తక్కువలో తక్కువ 10 వేల డాలర్లు, రెండో సీజన్ మధ్యలోనే అవి సగం దాకా కోసేశారు. ఇసోబెల్ కప్ ఇచ్చింది ఈ లీగే. ఇంకోపక్క 2017లో అమెరికా నేషనల్ టీం మొత్తం, సొంత దేశంలో జరిగే వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి ఆడేది లేదు పొమ్మని కూర్చుంది, టోర్నీకి మూడు రోజుల ముందు ఒప్పందం కుదిరింది, పోయి గోల్డ్ కొట్టుకొచ్చారు.

ఏంజెలా జేమ్స్ ఆ ఇసోబెల్ కప్ లీగ్‌లోనే టొరంటో సిక్స్ టీంకి ముందు కోచింగ్ స్టాఫ్‌లో చేరింది, 2022లో ఇంకొందరితో కలిసి ఆ టీంనే కొనింది, జనరల్ మేనేజర్ కూడా ఆమే. 2023 మార్చిలో టీం ఇసోబెల్ కప్ గెలిచింది. జూన్ ఆఖరికి లీగ్‌నే అమ్మేశారు, కొన్నది అమెరికా డబ్బున్నాయన మార్క్ వాల్టర్, పాత టెన్నిస్ స్టార్ బిల్లీ జీన్ కింగ్ వాళ్ళ గ్రూపు, ప్లేయర్ల కాంట్రాక్టులన్నీ రద్దు. కప్పు గెలిచిన ఓనర్‌కి మూడు నెలల్లో టీం లేదు! ఆ కొన్నవాళ్ళు 2024 జనవరి 1న మొదలుపెట్టిందే పీడబ్ల్యూహెచ్‌ఎల్ అనే కొత్త లీగ్, దాంట్లో మొదటి సీజన్‌లో కనీస జీతం 35 వేల డాలర్లు, సగటు 55 వేలు. మొత్తానికి ఇన్నాళ్ళకి ఆట ఉద్యోగం అయింది, ఏంజెలా ఆడే వయసులో ఉన్నప్పుడు కాదులే.

మన దేశంలో ఈ చిక్కుకి వేరే మందు కనిపెట్టారు, రైల్వే ఉద్యోగం. ఆడోళ్ళ హాకీ టీంలో ఎప్పుడు చూసినా రైల్వే వాళ్ళే జాస్తి. మన యర్రావారిపాలెం వైపు నుంచి పోయి 2018 ఏషియన్ గేమ్స్ వెండి టీంలో గోల్‌కీపర్‌గా ఉన్న రజని పేరు ఇక్కడ తెలీనోళ్ళుండరు. అది గడ్డి మీద, టర్ఫ్ మీద ఆడే హాకీ. ఐస్ హాకీ అంటే లడాఖ్ పిల్లలు, చలికాలంలో చెరువులు గడ్డకట్టే రెండు మూడు నెలలే ప్రాక్టీసు. 2016లో తైపేలో మొదటిసారి ఇంటర్నేషనల్ ఆడారు, 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో మొదటి గెలుపు, దానికి పోవడానికి జనం దగ్గర చందాలు ఎత్తుకున్నారు. 2025లో అల్ ఐన్‌లో ఆసియా కప్ కాంస్యం తెచ్చారు. ఇప్పుడు టిబెట్ బోర్డర్ కాసే పోలీసులు ఐటీబీపీకి ఆడోళ్ళ ఐస్ హాకీ టీం ఉంది, అంటే వీళ్ళకీ చివరికి యూనిఫాం ఉద్యోగమే దారి అన్నమాట.

మా కాలనీలో స్కేటింగ్ నేర్పే అమ్మాయి దగ్గర ఇదంతా చెప్తే నవ్వింది. స్టేట్ లెవల్ ఆడింది, ఇప్పుడు పొద్దున ఆరింటికి క్లాసు, మధ్యాహ్నం ఇంటి వరండాలో పాత టూత్‌బ్రష్షుతో బేరింగులు కిరసనాయిల్లో కడుగుతా కూర్చుంటుంది, పక్కనే అమ్మకానికి పెట్టిన స్కేట్ల డబ్బాలు. "ఆటలో యాడుండాయన్నా డబ్బులు, ఈ చక్రాల్లో ఉండాయి" అనింది. స్టేట్ గవర్నమెంట్ 2024 పాలసీలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతం చేసింది కదమ్మా అంటే, అది పిల్లకాయలకి పనికొస్తే చాలన్నా, నాకు వయసు దాటిపాయె అనింది.

ఇన్‌లైన్, అంటే చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే స్కేటింగ్, బాగా వచ్చిన ఇద్దరు ఆడపిల్లల్ని డెహ్రాడూన్ పంపించి మంచు మీద ఆడించాలని ఆమె ఆశ, అక్కడ 2011లో కట్టి ఏళ్ళ తరబడి మూతేసిన ఇండోర్ రింకు 2025లో మళ్ళీ తెరిచారు. చక్రాల మీద వచ్చినంత మాత్రాన మంచు మీద వచ్చేయదంట, ముఖ్యంగా ఆగడం, ఐస్‌లో రెండు కాళ్ళూ అడ్డంగా తిప్పి బ్లేడుతో గీకితే టక్కున ఆగుతారు, మన సిమెంటు మీద అదే చేస్తే నేరుగా మొహం మీద పడతారు. దాని కన్నా పెద్ద అడ్డం కిట్టు. గోల్‌కీపర్‌కైతే కాళ్ళ ప్యాడ్లు, బ్లాకర్, క్యాచింగ్ గ్లౌజు, మాస్కు, ఛాతీకి ఇంకోటి, ఏ తల్లిదండ్రులూ కొననంత రేటు. అందుకే కిట్లు అద్దెకిచ్చే షాపు పెడతానని లోన్ కోసం తిరగతా ఉంది. బ్యాంకులో ఆయనకి ఏ వ్యాపారం కింద రాయాలో అర్థం కాక టెంట్ హౌసు లాంటిదా అని అడిగాడంట, ఈమె అవునంటే ఆ మాటే రాసుకున్నాడు.