గిటార్ సాడిల్స్ కొనేముందు స్కేలు తీయండి: అపోహలు - వాస్తవాలు

నేను గిటార్లు బాగుచేస్తా. "అన్నా, స్ట్రాట్ సాడిల్స్ తెప్పించా, వేసిపెట్టు" అని కవర్ చేతిలో పెడతారు. స్ట్రాట్ అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్, బ్రిడ్జ్ అంటే బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం, దాని మీద ఒక్కో తీగ కింద కూర్చునే చిన్న ముక్కే సాడిల్. నేను ఆ కవర్ విప్పను, ముందు వాళ్ళ గిటార్ బ్రిడ్జ్ మీద స్కేలు పెడతా. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది, ఆ సెట్ ఆ గిటార్‌కి పట్టదని. డబ్బులు పెట్టేశాక, ప్యాకెట్ చింపేశాక, రిటర్న్ గడువు కూడా అయిపోయాక ఈ మాట చెప్పాల్సి రావడం నాకు అస్సలు ఇష్టం ఉండదు, అందుకే కొనకముందే ఎవరో ఒకరు చదువుతారని రాస్తున్నా.

అపోహ: స్ట్రాట్ సాడిల్ అంటే ఏ స్ట్రాట్‌కైనా పడుతుంది

పడదు. బాడీ ఆకారం ఒకటే అయినంత మాత్రాన బ్రిడ్జ్ ఒకటే అయిపోదు. పాత తరహా ఆరు స్క్రూల ట్రెమొలోలో (కడ్డీతో ఊగే బ్రిడ్జ్) లావు ఇ తీగ నుంచి సన్న ఇ తీగ దాకా దూరం సుమారు 56 మిల్లీమీటర్లు. ఫెండర్ వాళ్ళే 1986-87 ప్రాంతంలో అమెరికన్ స్టాండర్డ్‌తో తెచ్చిన రెండు పోస్టుల బ్రిడ్జ్‌లో అది 52.4కి తగ్గింది. ఇక ఆసియాలో తయారయ్యే గిటార్లలో 52.5 ఉంటుంది, 54 ఉంటుంది, ఒక్కోదాంట్లో 56 కూడా ఉంటుంది, ఫెండర్ వాళ్ళ చవక బ్రాండ్ స్క్వయర్ అనే ఒక్క పేరు కిందే మోడల్ని బట్టి మారిపోతుంది. కాబట్టి "నాది స్క్వయర్ అన్నా, ఏ సైజు కొనాలి" అని ఫోన్‌లో అడిగితే నేను చెప్పలేను, కొలిచి చెప్పమనే అంటా.

సాడిల్స్ అమ్మేచోట 10.5, 10.8, 11.3 అని రాసి ఉంటుంది, అది ఒక్కో సాడిల్ వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆరు తీగల మధ్య ఖాళీలు ఐదు కదా, ఐదుతో గుణిస్తే 52.5, 54, 56.5 వస్తాయి. ఇంతే లెక్క, దీనికి ఎక్స్‌పర్ట్ అక్కర్లేదు.

కొలవడం కూడా తేలికే. బ్రిడ్జ్ వెనకవైపు సాడిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపే ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ దగ్గర నొక్కినా స్వరం సరిగ్గా పలకడం) స్క్రూలు ఆరు వరసగా ఉంటాయి. మొదటి స్క్రూ తల ఎడమ అంచు నుంచి ఆరో స్క్రూ తల ఎడమ అంచు దాకా కొలవండి. తలలన్నీ ఒకే సైజు కాబట్టి అదే మధ్య నుంచి మధ్యకి ఉన్న దూరం, మధ్య ఎక్కడుందా అని కళ్ళు చికిలించుకుని వెతకక్కర్లేదు. వెర్నియర్ ఉంటే మంచిది, లేకపోతే పిల్లల జామెట్రీ బాక్సులో స్టీలు స్కేలు చాలు. 52కీ 56కీ తేడా స్కేలు మీద కూడా స్పష్టంగా కనిపిస్తుంది. 54 దగ్గర అనుమానం వస్తే మాత్రం వెర్నియర్‌తో మళ్ళీ చూడండి.

పట్టకపోయినా ఎక్కిస్తే ఏమవుతుంది? కాకినాడ వైపు ఒక చర్చిలో వాయించే తమ్ముడు గిటార్ తీసుకొచ్చాడు. సముద్రపు గాలికి పాత సాడిల్స్ ఎత్తు స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, అందుకని డాలస్ నుంచి వస్తున్న బావగారితో స్టెయిన్‌లెస్ సెట్ తెప్పించుకుని ఇంట్లోనే వేసుకున్నాడు. బ్రిడ్జ్ 52.5, సాడిల్స్ 11.3వి. పక్కపక్కన ఇమడక రెండు చివరల సాడిల్స్ బయటికి తోసుకొచ్చేశాయి, వాటి ఇంటొనేషన్ స్క్రూలు వంకరగా నిలబడ్డాయి. ఒక్కో చివర 2 మిల్లీమీటర్లు బయటికి పోయింది, అంటే పన్నెండో ఫ్రెట్ దగ్గరే తీగ మిల్లీమీటరు పక్కకి జరిగినట్టు. సన్న ఇ తీగ ఫ్రెట్ అంచున నడుస్తోంది, కాస్త గట్టిగా కిందకి లాగితే మెడ మీంచి జారిపోతోంది. పాపం వాడు నెక్ వంగిపోయిందనుకున్నాడు, గిటార్ పాడైపోయిందా అన్నా అని రెండుమూడు సార్లు అడిగాడు. గిటార్‌కి ఏమీ కాలేదు. పాత సాడిల్సే ఆయిల్‌లో నానబెట్టి స్క్రూలు ఊడదీసి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికే స్టెయిన్‌లెస్ ఎం3 (3 మిల్లీమీటర్ల మర) గ్రబ్ స్క్రూలు, అంటే తల లేని స్క్రూలు వేస్తే మళ్ళీ పాడింది. అమెరికా సెట్ ఇంకా వాడి దగ్గరే ఉంది, 56 బ్రిడ్జ్ ఉన్నవాళ్ళెవరైనా దొరికితే ఇచ్చేద్దామని.

తిరగేసి వెడల్పు బ్రిడ్జ్‌కి సన్న సాడిల్స్ వేసినా బాగుండదు. మధ్యలో సందులు మిగులుతాయి, తీగ బెండ్ చేసినప్పుడల్లా సాడిల్ పక్కకి కదులుతుంది, ఎక్కడో జిర్రుమని మోత వస్తుంది, ఆ మోత ఎక్కణ్ణుంచో వెతకలేక జనం ఫ్రెట్లు అరగదీయించుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

స్క్రూల సంగతి కూడా ఇందులోదే. అమెరికన్ సాడిల్స్‌లో అంగుళాల మర ఉంటుంది, చాలా ఆసియా సాడిల్స్‌లో ఎం3. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు తిరుగుతాయి కూడా, మూడో చుట్టుకి మర పోతుంది. సెట్‌తో వచ్చిన స్క్రూలే వాడండి. అలెన్ కీ కూడా అంతే, అమెరికన్ వాటికి 0.050 అంగుళాలది, అంటే 1.27 మిల్లీమీటర్లు, ఎం3 వాటికి 1.5ది. చిన్న కీ పెద్ద గుంతలో పెట్టి తిప్పితే మూలలు అరిగిపోతాయి, తర్వాత ఆ స్క్రూ తీయడం నరకం. స్క్రూ పొడవు కూడా చూసుకోండి, ఎక్కువైతే పైకి పొడుచుకొచ్చి పామ్ మ్యూట్ చేసే, అంటే అరచేతి అంచుతో తీగల్ని అణిచి వాయించే చేతికి గుచ్చుకుంటుంది.

అపోహ: ఇత్తడి వేస్తే వార్మ్, స్టీలు వేస్తే బ్రైట్, టైటానియం వేస్తే సస్టెయిన్

తేడా అసలు లేదనను. కానీ ఆర్నెల్లుగా తీగలు మార్చని గిటార్ మీద ఆ తేడా ఎవరికి వినిపిస్తుంది? కొత్త తీగలు వేసి పికప్ ఎత్తు సరిచేయండి. అయినా సౌండ్ నచ్చకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

అపోహ: తీగలు తెగుతున్నాయంటే సాడిల్స్ మార్చాల్సిందే

తెగిన తీగ పారేయకండి, ఎక్కడ తెగిందో చూడండి. ట్యూనర్ దగ్గరో నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) దగ్గరో తెగితే సాడిల్‌కి సంబంధమే లేదు. సాడిల్ దగ్గరే తెగుతుంటే కూడా, తీగ కూర్చునే చోట వేలిగోరు పెట్టి నెమ్మదిగా లాగండి, గోరు తట్టుకుందంటే అక్కడ గరుకు ఉంది. వెయ్యి నంబర్ వాటర్ పేపర్‌తో నున్నగా రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. కాయితం పది రూపాయల వ్యవహారం, దానికి వేలు పోయడం ఎందుకు.

అపోహ: ట్యూనింగ్ నిలవకపోతే తప్పు సాడిల్‌దే

ట్యూన్ చేస్తుంటే టింగ్‌మని చప్పుడొచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరితే, తీగ పట్టేస్తున్నది ఎక్కువగా నట్‌లోనే. ముందు అది చూపించుకోండి.

మిగతా గిటార్ల వాళ్ళకి నాలుగు మాటలు. లెస్ పాల్ తరహా గిటార్ల మీదుండే టూనోమాటిక్ బ్రిడ్జ్ అయితే అందులో రెండు రకాలు, ఏబీఆర్-1 వేరు, నాష్‌విల్ వేరు, ఒకదాని సాడిల్ ఇంకోదాంట్లో కూర్చోదు. కొత్తవి గాడి లేకుండా వస్తే తీగ మందానికి సరిపడే ఆకురాయితో గాడి తీయాలి, ఆ పని చేయించుకునే ఖర్చు కూడా కలుపుకుని చూసుకోండి. టెలీలో (ఫెండర్ టెలికాస్టర్) మూడు సాడిల్స్ ఉంటే ఒక్కోటి రెండేసి తీగలు మోస్తుంది కాబట్టి రెండిటికీ ఇంటొనేషన్ కచ్చితంగా కుదరదు, ఏటవాలుగా చేసిన కాంపెన్సేటెడ్ సాడిల్స్ కొంటే డబ్బు వృథా కాదు. తీగల్ని బిగించి పట్టే ఫ్లాయిడ్ రోజ్ ట్రెమొలోలో సాడిల్స్ ఎత్తులు మూడు రకాలు, ఏది ఏ తీగ కిందదో గుర్తుపెట్టుకోకుండా అన్నీ ఒకేసారి విప్పకండి.

సొంతంగా మార్చుకోవాలంటే భయపడాల్సిందేమీ లేదు, ఎక్కడా డ్రిల్లు పెట్టక్కర్లేదు, నచ్చకపోతే పాతవి మళ్ళీ వేసుకోవచ్చు. ముందు ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకోండి, ఒక్కో తీగ వదులు చేసి ఒక్కో సాడిలే మార్చండి, పాతది ఎంత ఎత్తులో, ఎంత వెనక ఉందో కొత్తదీ అక్కడే పెట్టండి. ఆరూ అయ్యాక కొత్త తీగలు వేసి పన్నెండో ఫ్రెట్ మీంచి తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్లకి అటూఇటూగా తెచ్చుకోండి, ఆ తర్వాతే ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే నొక్కిన స్వరం షార్ప్‌గా, అంటే హెచ్చుగా ఉంటే సాడిల్ వెనక్కి, ఫ్లాట్‌గా, అంటే తగ్గి ఉంటే ముందుకి, జరిపిన ప్రతిసారీ మళ్ళీ ట్యూన్ చేసి చూడండి.