బల్లార్షా గదికి టన్నున్నర, బరంపురం గదికి టన్ను

ఏసీ షాపులో మొదట అడిగేది గది కొలత. 120 చదరపు అడుగుల దాకా టన్ను, 180 దాకా టన్నున్నర, ఆపైన రెండు టన్నులు అన్నది కౌంటర్ దగ్గర నడిచే లెక్క. దీని ప్రకారం మహారాష్ట్ర విదర్భలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో పై అంతస్తులో ఉన్న 12 బై 12 గదికీ, ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో మూడంతస్తుల అపార్ట్‌మెంట్ కింది ఫ్లాట్‌లోని 12 బై 12 గదికీ ఒకే ఏసీ రావాలి. కానీ మొదటి గదిలోకి వచ్చే వేడి రెండో గదికి రెట్టింపు ఉంటుంది. పైగా రెండు చోట్లా ఆ వేడి ఒకే రకానిది కాదు.

టన్ను అంటే ఇక్కడ యంత్రం బరువు కాదు, అది గదిలోంచి బయటికి తోడే వేడి. 907 కిలోల మంచు 24 గంటల్లో పూర్తిగా కరగడానికి ఎంత వేడి కావాలో అంత, అంటే సుమారు 3,517 వాట్లు. టన్నున్నరకి 5,275 వాట్లు రావాలి. బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ మీద కూలింగ్ కెపాసిటీ ఎదురుగా ఉన్న అంకె చూస్తే, టన్నున్నర పేరుతో అమ్మే చాలా మోడళ్లలో అంతకంటే తక్కువే కనిపిస్తుంది. అందుకని టన్నుల మాట పక్కన పెట్టి వాట్లు చూసి కొనాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. బల్లార్షాలో మే మధ్యాహ్నం 45 మామూలే. బయటి గాలి ఎంత కాలిపోతుంటే అవుట్‌డోర్ యూనిట్‌కి వేడిని వదిలించుకోవడం అంత కష్టం. మోటుగా డిగ్రీకి ఒక శాతం చొప్పున శక్తి తగ్గుతుందనుకోవచ్చు. లేబుల్ మీద 5,000 వాట్లున్న యంత్రం ఆ ఎండలో 4,500 ఇస్తే మంచిదే.

ఇప్పుడు బల్లార్షా గది లెక్క వేద్దాం. అన్నిటికంటే పెద్ద పద్దు నెత్తిమీది స్లాబే. ఏ పూతా లేని ఐదంగుళాల ఆర్‌సీసీ స్లాబు మే నెల ఎండలో 60 డిగ్రీలు దాటి కాలుతుంది. 144 చదరపు అడుగుల మీదుగా కిందికి దిగే వేడి 1,500 వాట్ల దాకా ఉంటుంది. ఇది దాదాపు సగం టన్ను, గదిలోకి ఇంకా ఎవరూ రాకముందే. బయటి ఎండ తగిలే రెండు గోడలు, అందులో ఒకటి పడమటిది, కలిపి 900. పడమటి వైపు నాలుగడుగుల చదరపు కిటికీకి లోపల కర్టెన్ ఉన్నా 850. తలుపు సందుల్లోంచి దూరే వడగాలికి 250, ముగ్గురు మనుషులకి 200, టీవీ, ఫ్యాన్, లైట్లకి 150. మొత్తం 3,850 వాట్లు. 45 డిగ్రీల ఎండలో టన్ను ఏసీ ఇచ్చేది 3,150, అది చాలదు. 4,500 ఇచ్చే టన్నున్నర సరిపోతుంది, కొంచెం మిగులు కూడా ఉంటుంది. రెండు టన్నులు అక్కర్లేదు.

స్లాబు విషయంలో చాలామంది పొరబడేది వేళ దగ్గర. కాంక్రీటు వేడిని వెంటనే కిందికి దింపదు, కొన్ని గంటలు మింగి ఉంచుకుంటుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ సాయంత్రానికి గదిలో దిగుతుంది. రాత్రి తొమ్మిదింటికి బయట గాలి కాస్త చల్లబడ్డా పైకప్పుకి చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. 'పడకగదే కదా, రాత్రికే కదా, టన్ను చాలు' అనుకుని కొన్నవాళ్లు పదకొండింటిదాకా విసనకర్ర వెతుక్కునేది ఇందుకే.

ఈ లెక్కని కొనకముందే తగ్గించుకోవచ్చు. డాబా మీద తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే స్లాబు పైభాగం మిట్టమధ్యాహ్నం పది డిగ్రీలకి పైగా తగ్గుతుంది, 1,500 వాట్ల పద్దు 850 దగ్గరికి వస్తుంది. కిటికీకి నీడ బయటివైపు ఇవ్వాలి. వెదురు తడకో షేడ్‌నెట్టో కడితే 850లో 500 తగ్గుతుంది. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే గదిలో ఉన్నట్టు లెక్క. ఈ రెండూ చేస్తే మొత్తం 2,700కి పడిపోయి, ఇరుకుగానైనా టన్ను సరిపోతుంది. అయితే థర్మల్ పవర్ స్టేషన్, బొగ్గు గనులు, గడచందూర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్న ఆ ప్రాంతంలో తెల్లటి డాబా ఎక్కువకాలం తెల్లగా ఉండదు. ఏటా మార్చిలో సున్నం వేసే ఓపిక లేకపోతే టన్నున్నరే కొనడం మేలు.

సిమెంటు రేకుల గదికి ఈ అంకెలు పనికిరావు. 144 చదరపు అడుగుల రేకుల నుంచే 2,400 వాట్ల దాకా దిగుతుంది. అంచుల్లో సందులుంటాయి కాబట్టి చల్లగాలి నిలవదు. అక్కడ ముందు రేకుల కింద ఫాల్స్ సీలింగ్ కొట్టించి, దాని పైన థర్మోకోల్ షీట్లు పరిచి, అంచులు మూయించాలి. అది చెయ్యకుండా రెండు టన్నులు బిగించినా కరెంటు బిల్లు పెరగడమే తప్ప గది చల్లబడదు.

బరంపురం గదికి వస్తే, నెత్తి మీద ఇంకో ఫ్లాట్ ఉంది కాబట్టి పైకప్పు పద్దు 200 వాట్లే. గోడలకి 500, నేరుగా ఎండ పడని కిటికీకి 250, సందుల గాలికి 150, మనుషులకి 200, టీవీ వగైరాకి 150. ఇంతవరకు 1,450. చంద్రపూర్‌లో ఈ లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో ఆగదు, ఎందుకంటే ఇక్కడ బాధ ఎండ కంటే ఉక్క. బయటి గాలిలో కిలోకి 20 గ్రాముల పైన నీటి ఆవిరి ఉంటుంది. గదిలో హాయిగా ఉండాలంటే అది 10, 11 గ్రాములకి దిగాలి. ఆవిరి నీరైనప్పుడు అందులో దాగిన వేడి, అంటే గుప్తోష్ణం, బయటపడుతుంది, లీటరుకి సుమారు 0.68 యూనిట్లు. సందుల గాలి తెచ్చేది, ముగ్గురి ఊపిరీ చెమటా కలిపితే గంటకి 650 మిల్లీలీటర్లు అవుతుంది. అది తోడడానికి 450 వాట్లు. మొత్తం 1,900, టన్ను ఏసీకి తేలిక పని.

మరి టన్నున్నర పెడితే ఏమవుతుంది? నష్టమంతా ఇక్కడే ఉంది. ఏసీ థర్మోస్టాట్‌కి తెలిసేది ఉష్ణోగ్రత ఒక్కటే, తేమ తెలీదు. పెద్ద యంత్రం ఐదారు నిమిషాల్లో 24కి దించి కంప్రెసర్ ఆపేస్తుంది. లోపలి కాయిల్ మంచు బిందువు (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే చల్లబడి, దాని మీద నీరు పట్టి, చుక్కలై డ్రైన్ పైపులోకి జారడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. జారడం మొదలయ్యేలోపే యంత్రం ఆగుతుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూ కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. చివరికి గది చల్లగానూ ఉంటుంది, జిడ్డుగానూ ఉంటుంది. జిడ్డు భరించలేక జనం 24ని 20కి దించుతారు. అప్పుడు గోడలు మరీ చల్లబడి, బీరువా వెనకాల, పరుపు అడుగున బూజు పడుతుంది. వానాకాలం రాత్రి ఇంకా ఘోరం. బయటి నుంచి వచ్చే వేడి సగానికి పడిపోతుంది, తేమ మాత్రం అలాగే ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది కాబట్టి కొంత నయం. కానీ దానికీ ఒక కనిష్ఠం ఉంటుంది. అంతకంటే తక్కువ పని ఉంటే అదీ ఆగుతూ సాగుతూ నడవాల్సిందే.

బల్లార్షాలో ఎండాకాలం తేమ పేచీ లేదు కాబట్టి ఫ్యాన్ హై మీద పెట్టుకోవచ్చు. కాయిల్ మీదుగా ఎంత గాలి పోతే అంత చల్లదనం. బరంపురంలో లో స్పీడ్ మీద ఉంచాలి. గాలి నెమ్మదిగా పోతే కాయిల్ మరింత చల్లబడి నీరు ఎక్కువ దిగుతుంది. రెండుచోట్లా 18 నొక్కినంత మాత్రాన తొందరగా చల్లబడదు.

విదర్భ ఇళ్లలో కూలర్ ఉండనే ఉంటుంది. 44 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న గాలిని గడ్డి ప్యాడ్ల కూలర్ 27 దాకా దించగలదు, అదీ ఏసీ తినే కరెంటులో చిన్న వంతుతో. అందుకని ఎండాకాలం పగళ్లు దానితో గడిపి, ఏసీని రాత్రికీ, వానలు మొదలయ్యాక ఉక్కకీ ఉంచుకోవడం తెలివైన పని. రెండూ ఒకే గదిలో ఒకేసారి మాత్రం నడపకూడదు. కూలర్ కలిపిన ఆవిరిని ఏసీ గుప్తోష్ణంతో సహా తోడాల్సి వస్తుంది. బరంపురంలో 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గాలిని అదే కూలర్ 30కి దించడమే గగనం.

యంత్రం సరైనదే అయినా అవుట్‌డోర్ యూనిట్ దగ్గర శక్తి పోతుంది. బొగ్గు దుమ్ము, బూడిద కండెన్సర్ (అవుట్‌డోర్‌లో వేడిని వదిలే భాగం) పలచటి రేకుల మధ్య ముద్దకట్టిందంటే టన్నున్నర ఏసీ టన్నులా పనిచేస్తుంది. ఎండాకాలంలో నెలకోసారి, మెయిన్ ఆపి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. ప్రెషర్ గన్ పెడితే రేకులు వంగిపోతాయి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి అల్యూమినియం రేకుల్ని తినేస్తుంది కాబట్టి రాగి కాయిల్ ఉండి, ఆ రేకులకి పూత ఉన్న మోడలే తీసుకోవాలి. అద్దాలు బిగించిన బాల్కనీలో అవుట్‌డోర్ పెడితే అది తాను వదిలిన వేడినే మళ్లీ పీలుస్తుంది.

ఇప్పటికే పెద్ద ఏసీ కొనేసిన బరంపురం ఇంట్లో ఒక పరీక్ష చెయ్యొచ్చు. గది చల్లబడ్డాక డ్రైన్ పైపు కింద లీటరు సీసా పెట్టి గంట చూడాలి. జూలై రాత్రి తలుపులు వేసి ఉన్నప్పుడు అర లీటరు కూడా రాకపోతే, మీటరు మీద లోడు పది నిమిషాలకోసారి పడిపోతుంటే, యంత్రం గదికి పెద్దదైనట్టే. దాన్ని మార్చే ముందు, కెపాసిటీ తగ్గించే కన్వర్టిబుల్ మోడ్ ఉంటే 60 శాతం దగ్గర పెట్టి, ఫ్యాన్ లో స్పీడ్ మీద ఉంచి మళ్లీ సీసా పెట్టాలి. ఆ మోడ్ లేకపోతే డ్రై మోడ్. అప్పటికీ నీరు రాకపోతే పైపు వాలు, మూసుకుపోయిన ట్రే చూడాలి.